వాట్‌గంజ్‌లో ఎన్ని వాట్లు?

కలకత్తాకు నైరుతి మూల, హుగ్లీ నదీతీరంలోని ఖిదిర్‌పూర్ రేవు పక్కన, వాట్‌గంజ్ అనే పేట ఒకటి ఉన్నది. ఆ పేరులోని ‘వాట్’కూ, విద్యుత్ సామర్థ్యాన్ని కొలిచే ‘వాట్’కూ ఏ చుట్టరికమూ లేదు. పేటకు పేరిచ్చినవాడు కర్నల్ హెన్రీ వాట్సన్. ఈస్టిండియా కంపెనీకి చీఫ్ ఇంజనీరుగా ఉండి, ఈ ఒడ్డున ఓడలు కట్టే రేవుకు అంకురార్పణ చేసినవాడు. 1780 ఆగస్టు 17న గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్, ఆయన ప్రత్యర్థి ఫిలిప్ ఫ్రాన్సిస్ అలీపూర్‌లో పిస్తోళ్ళతో ద్వంద్వయుద్ధానికి దిగినప్పుడు, ఫ్రాన్సిస్ పక్షాన తోడుగా నిలిచినది ఈ వాట్సనే. రెండవ ‘వాట్’ ఆవిరియంత్రాన్ని తీర్చిదిద్దిన జేమ్స్ వాట్ పేరున వెలసిన కొలమానం. ఈ ఇద్దరి పేర్లూ ఒక్కచోట కలుసుకొని సామాన్య గృహస్థు జేబుకు చిల్లు పెట్టిన కాలం ఒకటి ఉండేది.

దిగుమతులపై ప్రభుత్వం గట్టి ఆంక్షలు విధించిన దశాబ్దాలలో, ఓడల నుండి దిగిన కెమెరాలు, చేతిగడియారాలు, టేప్ రికార్డర్లు, స్టీరియో యాంప్లిఫయర్లు ఇక్కడి ఫాన్సీ మార్కెట్ కొట్లకు చేరేవి. కొంత సరుకు సుంకం చెల్లించి వచ్చినది, కొంత చెల్లించక వచ్చినది. ఏది ఎటువంటిదో అడగడం మర్యాద కాదు. ఈ దారి తెలుగువారికీ బొత్తిగా కొత్తది కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమున్న గార్డెన్ రీచ్ అక్కడికి దగ్గరే. 2003లో తూర్పు తీర రైల్వే ఏర్పడే వరకు వాల్తేరు డివిజను ఆ రైల్వేలో భాగంగా ఉండేది. 1991 తరువాత ఆంక్షలు సడలిన కొద్దీ రేవు బజారు ఆకర్షణ తగ్గింది. కాని పాత జపాను యాంప్లిఫయర్లపై మోజు మాత్రం సంగీతప్రియులను నేటికీ వదలలేదు.

అటువంటి రైల్వే ఉద్యోగి ఒకరిని ఊహించుకుందాం. సంవత్సరం 1982 అనుకుందాం. ఇంట్లో ఒక జత మంచి స్పీకర్లున్నవి. వాటిని పలికించే యంత్రమే కావాలి. చేతిలో దసరా బోనసు ఉన్నది. కొట్లో రెండు యాంప్లిఫయర్లు చూపించారు. “ఇది ముప్పై వాట్లు, అది అరవై. ధర రెండింతలు, మోత రెండింతలు” అన్నాడు కొట్టువాడు. ఆ మాటలో ధర సంగతి నిజం. మోత సంగతి నిజం కాదు.

మన చెవి లెక్క మన జేబు లెక్క వంటిది కాదు. వాట్లు రెండింతలైతే ధ్వని తీవ్రత 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. శ్రద్ధగా వింటే తప్ప ఆ తేడా తెలియదు. మోత రెండింతలైనదని చెవికి తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి. అందుకు వాట్లు పదింతలు కావాలి. అనగా 30 వాట్ల యంత్రానికి రెండింతలుగా వినిపించేది 60 వాట్లది కాదు, 300 వాట్లది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మన ఉద్యోగి బోనసులో సగం మిగిలి ఉండేది.

ఇంతకూ ఆయన అడగవలసిన మొదటి ప్రశ్న యాంప్లిఫయరును గురించినది కాదు. బండిని చూసి ఎద్దును కొంటారు గాని, ఎద్దును చూసి బండిని కట్టించుకోరు. ఇంట్లో ఉన్న స్పీకరు ఎంత శక్తిని తీసుకొని ఎంత శబ్దాన్ని ఇస్తుందో ముందు తెలియాలి. దీనిని స్పీకరు ‘సెన్సిటివిటీ’ అంటారు. ఒక్క వాట్ శక్తి ఇచ్చి, ఒక మీటరు దూరంలో శబ్దాన్ని కొలిచి, డెసిబెల్‌లలో చెబుతారు. ఇళ్ళలో వాడే స్పీకర్లలో ఇది చాలావరకు 82 నుండి 93 మధ్య ఉంటుంది. చూపుకు ఆ రెండు అంకెలూ దగ్గరగా కనబడతాయి. కాని ఆ 11 డెసిబెల్‌ల వెనుక పన్నెండింతల శక్తి భేదం దాగి ఉన్నది. లౌడ్‌స్పీకరు అసలే దుబారా మనిషి. 92 డెసిబెల్‌ల స్పీకరు సైతం తనకిచ్చిన విద్యుత్తులో నూటికి ఒక వంతు మాత్రమే శబ్దంగా మార్చగలదు. తక్కినదంతా వేడి.

పల్లెటూరి పెళ్ళిపందిరి దగ్గర చెట్టుకు కట్టిన గొట్టం మైకును తలచుకుంటే ఇది సులభంగా బోధపడుతుంది. దాని వెనుక ఉన్న యాంప్లిఫయరు 30, 40 వాట్లకు మించకపోవచ్చు. అయినా ఊరంతా వినబడుతుంది. కారణం యాంప్లిఫయరు బలం కాదు, గొట్టం నేర్పు. గొట్టపు స్పీకరు సెన్సిటివిటీ 100 డెసిబెల్‌లు దాటి ఉంటుంది. అమెరికాలో పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు 1940 దశకంలో ఈ సూత్రాన్నే ఇంటి గదికి తెచ్చి, గది మూలలో ఒదిగే పెద్ద బీరువా వంటి స్పీకరు చేశాడు. దానిని గట్టిగా పలికించడానికి నాలుగైదు వాట్లు చాలు. ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైనది బ్రిటిషు రేడియో సంస్థ బి.బి.సి. 1970 దశకంలో తన ప్రసార వాహనాల కోసం రూపొందించిన చిన్న స్పీకరు, ఎల్.ఎస్. 3/5ఎ. చంకన పెట్టుకొని పోగలిగినంత పెట్టె. మనిషి గొంతును సహజంగా పలికించడంలో దానికి గొప్ప పేరు. సెన్సిటివిటీ మాత్రం 83 డెసిబెల్‌ల దరిదాపు. దానికి ఐదు వాట్లిస్తే గొణుగుతుంది. వంద వాట్లిస్తే తట్టుకోలేదు. చిన్నగదిలో, దగ్గరగా కూర్చొని వినేవారి కోసమే అది పుట్టింది. ఎంతటి యాంప్లిఫయరును తగిలించినా అది హాలంతటినీ నింపలేదు. కొన్ని స్పీకర్ల విషయంలో, తగిన యాంప్లిఫయరును వెదకడం కంటే తగిన గదిని వెదకడం మేలు.

మన ఉద్యోగి ఇంటి లెక్క ఇప్పుడు వేయవచ్చు. ఆయన స్పీకర్ల సెన్సిటివిటీ 87 డెసిబెల్‌లు అనుకుందాం. మధ్యతరగతి గది, స్పీకర్లకు మూడు మీటర్ల దూరాన వాలుకుర్చీ. దూరం వల్ల కొంత శబ్దం తగ్గుతుంది. గోడలు తిప్పికొట్టడం వల్ల, రెండు స్పీకర్లు కలిసి పలకడం వల్ల కొంత తిరిగి వస్తుంది. మొత్తం మీద స్పీకరుకు ఒక్క వాట్ చొప్పున ఇస్తే కుర్చీ దగ్గర 84 డెసిబెల్‌లు వినబడుతుందని చెప్పవచ్చు. మామూలు సంభాషణ 60 డెసిబెల్‌లు. సంగీతం సగటున 80 ఉంటే పక్కింటివారు గోడ తట్టేంత మోతే. ఆ 80కి కావలసినది అర వాట్ కూడ కాదు!

అయితే వాట్ల గొడవ అంతా దేనికి? సంగీతం సగటుతో నడవదు గనుక. వీణ మంద్రంగా సాగుతుండగా మృదంగం మీద పడిన ఒక్క దెబ్బ, వాద్యబృందం ఒక్కుమ్మడిగా ఎత్తుకున్న ఒక్క క్షణం, సగటు కంటే 15, ఒక్కొక్కప్పుడు 20 డెసిబెల్‌లు పైకి లేస్తుంది. ఆ 15కు మన ఉద్యోగి గదిలో స్పీకరుకు పన్నెండున్నర వాట్లు కావాలి. 20కి 40 వాట్లు కావాలి. ఆయన స్పీకర్లు 81 డెసిబెల్‌లవైతే అదే పనికి 50, 160 వాట్లు కావాలి. 93 డెసిబెల్‌లవైతే మూడు, పది వాట్లతో సరిపోతుంది. గది అదే, కుర్చీ అదే, పాట అదే. స్పీకరును బట్టి కావలసిన యంత్రం పది వాట్లది కావచ్చు, నూట అరవై వాట్లది కావచ్చు. కొట్టువాడు “ఎన్ని వాట్లు కావాలి బాబూ?” అని అడగడంలోనే పొరపాటు ఉన్నది.

అంకెలను నమ్మి మోసపోవడం సామాన్యులకే పరిమితం కాదు. కలకత్తాలో విప్లవోద్యమంలో పాల్గొని, బ్రిటిషు పోలీసులకు చిక్కకుండ 1920 ప్రాంతంలో అమెరికా చేరిన నోనీ గోపాల్ బోస్‌కు 1929లో ఒక కొడుకు పుట్టాడు. ఆ కొడుకే అమర్ బోస్. ఆయన 1956లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదువు ముగించుకొంటున్న రోజులలో, కాగితం మీద ఘనమైన లక్షణాలున్న స్టీరియోను ఏరి కొనుక్కొన్నాడు. ఇంటికి తెచ్చి వింటే వయొలిన్ వయొలిన్‌లా లేదు. ఆ నిరాశే ఆయనను శబ్దశాస్త్రం వైపు నడిపించింది. 1964లో కంపెనీ పెట్టి, 1968లో తొమ్మిది చిన్న స్పీకర్లు ఒకే పెట్టెలో అమర్చిన 901 అనే నమూనాను విడుదల చేశాడు. అందులో ఎనిమిది వెనుక గోడ వైపు తిరిగి ఉంటాయి. చిన్న కోన్‌లు అడుగు స్వరాలను సహజంగా పలకలేవు. కనుక ఆ స్వరాలను ముందుగానే ఎత్తి పంపే ఈక్వలైజరును స్పీకర్లతో బాటే ఇచ్చేవారు. ఎత్తడమంటే ఊరికే కాదు. ఒక స్వరాన్ని 10 డెసిబెల్‌లు ఎత్తితే యాంప్లిఫయరు అక్కడ పదింతల శక్తి ఇవ్వాలి. అందుకే ఆ స్పీకర్లకు బలమైన యంత్రం తప్పనిసరి అయింది. మామూలు యాంప్లిఫయరు మీద ‘బాస్’ మీటను చివరిదాకా తిప్పే మన కుర్రవాళ్ళు చేసేదీ ఇదే. వారి 40 వాట్ల యంత్రం ఆ క్షణాన నాలుగు వాట్ల యంత్రంగా మారిపోతుంది.

శక్తి తరువాత అడగవలసినది ఓమ్‌ల సంగతి. స్పీకరు విద్యుత్ ప్రవాహాన్ని ఎంతవరకు అడ్డుకొంటుందో చెప్పే అంకె ఇది, శాస్త్రభాషలో అవరోధం. ఇళ్ళలో వాడేవి సామాన్యంగా 8, 6 లేక 4 ఓమ్‌లవి. తక్కువ అంకె ఉన్నది తేలికైన స్పీకరు అని చాలమంది భావిస్తారు. నిజానికి యాంప్లిఫయరుకు అదే బరువు. యంత్రం 20 వోల్టులు ఇస్తున్నదనుకుంటే 8 ఓమ్‌ల స్పీకరు రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. 4 ఓమ్‌లది ఐదు ఆంపియర్లు లాగుతుంది. ఆ ప్రవాహాన్ని అందించడానికి లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, ట్రాన్సిస్టర్ల వేడిని చల్లార్చే వెడల్పాటి అల్యూమినియం రెక్కలు ఉండాలి. చౌక యంత్రాలలో కోత పడేది సరిగ్గా ఈ రెండింటి మీదే. యంత్రాన్ని ఎత్తి చూసి బరువును బట్టి బేరమాడే పాతకాలపు రేడియో మెకానిక్కును చూసి నవ్వనక్కరలేదు. ఆ రోజుల యంత్రాల విషయంలో ఆయన పద్ధతిలో చాలా శాస్త్రమున్నది. నేటి ‘క్లాస్ డి’ యంత్రాలు మాత్రం అరచేతిలో ఇమిడి కూడా పనిచేస్తాయి. వాటికి ఆ తూకం వర్తించదు.

స్పీకరు వెనుక రాసిన ఓమ్‌ల అంకె సగటు మాత్రమే. స్వరం మారుతున్న కొద్దీ అది పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. 8 అని రాసి ఉన్నది కొన్ని చోట్ల 6కో 5కో దిగజారవచ్చు. ఇక ఒకే యాంప్లిఫయరుకు ముందు గదిలో ఒక జత, పడకగదిలో ఒక జత స్పీకర్లు తగిలిస్తే, 8 ఓమ్‌లు 4 ఓమ్‌లవుతాయి. ‘8 ఓమ్‌లకు తక్కువ కాకుండ’ అని వెనుక పలక మీద ఉన్న చిన్న అక్షరాలు ఎవరూ చదవరు. చదివేసరికి ట్రాన్సిస్టర్లు కాలి ఉంటాయి. వైరు సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. పది మీటర్ల దూరానికి సన్నని దీపపు వైరు లాగితే, రాకపోకలకు కలిపి దాదాపు అర ఓమ్ వైరులోనే పోతుంది. 4 ఓమ్‌ల స్పీకరుకు అది తేలికగా తీసివేయదగిన నష్టం కాదు. రాగి మందంగా ఉంటే చాలు. బంగారు పూత అవసరం లేదు.

చాలమందికి నమ్మశక్యం కాని విషయం ఒకటున్నది. స్పీకర్లు కాలిపోవడానికి పెద్ద యాంప్లిఫయరు ఎంత కారణమో, చిన్న యాంప్లిఫయరూ అంతే కారణం. 20 వాట్ల యంత్రాన్ని దాని శక్తికి మించి తిప్పితే, గుండ్రంగా లేచి పడవలసిన ధ్వని తరంగాల తలలు కత్తిరించినట్లు చదునైపోతాయి. ఇంజనీర్లు దీనిని ‘క్లిప్పింగ్’ అంటారు. అలా తలలు తెగిన తరంగాలతో అదే యంత్రం 40 వాట్ల దాకా కుమ్మరించగలదు. పైగా అందులో మూలసంగీతంలో లేని కీచు స్వరాలు పుట్టుకొస్తాయి. అవన్నీ పోయేది ట్వీటరులోకి. పెట్టె మీద ‘60 వాట్లు’ అని రాసి ఉన్నా, వెంట్రుక వంటి తీగ చుట్టిన ట్వీటరు ఎడతెగకుండ భరించగలిగేది కొద్ది వాట్లే. పెళ్ళిళ్ళలో, కుర్రకారు పార్టీలలో స్పీకర్లు పోయేది చాలాసార్లు ఇలాగే. పాట బొంగురుపోయి గరగరలాడడం మొదలైతే, అది యంత్రం పెట్టుకొన్న మొర. అప్పుడు మీటను వెనక్కు తిప్పడమొక్కటే వైద్యం. స్పీకరు భరించగల అంకె కంటే యాంప్లిఫయరు కొంత ఎక్కువ ఉండి, వాడే చేయి అదుపులో ఉంటే ప్రమాదం తక్కువ. ఇంట్లో అటువంటి చేయి లేకపోతే చిన్న యంత్రమూ పెద్ద యంత్రమూ ఒక్కటే.

ఇక పెట్టె మీది వాట్లను ఎంతవరకు నమ్మవచ్చు? అమెరికాలో తయారీదారులు ఎవరికి తోచిన లెక్క వారు వేసి అంకెలు పెంచుతూ పోగా, 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొరడా తీసింది. ప్రకటించిన శక్తిలో మూడవ వంతు వద్ద గంటసేపు నడిపి, యంత్రాన్ని బాగా వేడెక్కించిన తరువాతనే కొలవాలన్నది నాటి నియమం. ఆ పరీక్షకు నిలవలేక చాల అంకెలు రాత్రికి రాత్రే చిక్కిపోయాయి. మన దేశపు బజారులో తరువాత కాలంలో పి.ఎం.పి.ఓ. అనే వింత కొలత వెలసింది. చేతిలో పట్టుకొని తిరిగే టేప్ రికార్డరు మీద సైతం వందల వాట్లు రాసి ఉండేవి. గోడ సాకెట్టు నుండి 30 వాట్లు తీసుకొనే పెట్టె 300 వాట్లు ఎక్కడి నుండి తెస్తుందని అడిగినవారు లేరు. ఆ అంకెకు అందరూ ఒప్పుకొన్న నిర్వచనమేదీ లేదు. ‘ఆర్.ఎం.ఎస్.’ అని, ఎన్ని ఓమ్‌ల వద్ద, రెండు చానెళ్ళూ కలిసి నడుస్తుండగా ఎంత అని రాసి ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. యంత్రం వెనుక విద్యుత్ వినియోగం ఎంతో రాసి ఉంటుంది. అంతకు మించి అది ఇవ్వలేదన్న చిన్న కూడికతోనే సగం అబద్ధాలు బయటపడతాయి.

వాట్‌గంజ్ బజారులో ఈ లెక్కలన్నిటి కంటే ముందు చూడవలసినది మరొకటి ఉండేది. జపానులో ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 100 వోల్టులు, అమెరికాలో 120, మన దేశంలో 230. తన స్వదేశం కోసమే తయారైన జపాను యాంప్లిఫయరు ఓడ దిగి, అట్టపెట్టెలో రైలెక్కి, విశాఖపట్నంలో ఒక ఇంటి గోడకు తగిలిన మరుక్షణమే రెండింతలకు పైగా వోల్టేజి దాని మీద పడుతుంది. ఒక చిటపట, ఒక కాలిన వాసన, బోనసు హరీ. ఎగుమతి కోసం చేసిన నమూనాలకు వెనుక వైపు వోల్టేజి మార్చుకొనే మీట ఉండేది. అది 110 దగ్గరే ఉండిపోయి కాలినవీ ఉన్నాయి. మీట లేనివాటికి వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు వేరుగా కొనాలి. అది యంత్రం వినియోగం కంటే కనీసం ఒకటిన్నర రెట్లు భరించగలదిగా ఉండాలి. జపానులో తూర్పు భాగాన 50 సైకిళ్ళు, పడమటి భాగాన 60 సైకిళ్ళ విద్యుత్తు నడుస్తుంది గనుక అక్కడి యంత్రాలు రెండింటికీ తట్టుకొంటాయి. 60 సైకిళ్ళకే రూపొందిన అమెరికా యంత్రం మాత్రం మన 50 సైకిళ్ళ మీద, వోల్టేజి సరిగా ఉన్నప్పటికీ, మెల్లగా వేడెక్కుతూ ఉంటుంది.

నేడు పాత యాంప్లిఫయరు కొనదలచినవారు తమ స్పీకర్లనే కొట్టుకు తీసుకొని పోగలిగితే అంతకంటే మంచి పరీక్ష లేదు. అంత వీలులేకపోతే, బాగా పరిచయమైన పాట ఒకటి వెంట ఉండాలి. కొట్టువాడు వేసే పాట అతని యంత్రానికి నప్పినదై ఉంటుంది. స్విచ్చి వేసిన క్షణాన స్పీకరు కోన్ ముందుకో వెనక్కో తోసుకొనిపోయి అక్కడే నిలిచిపోతే, ఆ యంత్రం పాటతో బాటు నేరు విద్యుత్తును కూడ స్పీకరులోకి పంపుతున్నదన్న మాట; ధర ఎంత తగ్గించినా వద్దు. మీట తిప్పినప్పుడు వచ్చే బరబర దుమ్ము వల్ల. అది శుభ్రం చేస్తే పోతుంది, బేరానికి మాత్రం పనికివస్తుంది. అరగంట మోగనిచ్చి పైకప్పు మీద చేయి పెట్టి చూడాలి. రెండు వైపులా వేడి సమానంగా ఉండాలి.

చివరగా వెనుక ఉన్న ఫ్యూజును విప్పి చూడమనాలి. పలక మీద రాసిన ఆంపియర్ల గాజు ఫ్యూజే అక్కడ ఉన్నదా, లేక దాని చుట్టూ సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి ఉన్నదా అన్నది చూడాలి. వెండికాగితం కనబడితే, ఆ ఫ్యూజు పదే పదే ఎందుకు పోయేదో కొట్టువాడికి తెలుసు.